తెలీదన్న రోజు

భర్త చేతిమీద చెయ్యి వేసిన అనురాధ చటుక్కున వెనక్కి తీసేసుకుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సొరకాయను ముట్టుకున్నట్టుంది. ఆ పొద్దున ఆమె దగ్గర కాఫీ కప్పు అందుకుని వెళ్ళిన చెయ్యే అది.

"భయపడకండి. మేమే ఆయన ఒంటిని చల్లబరుస్తున్నాం," అన్నాడు మార్కస్ అనే నర్సు. పొడుగాటి మనిషి. మంచం పక్కనున్న యంత్రం మీద అంకెలు చూసుకుంటూ, "డాక్టర్‌గారు వచ్చి మీకన్నీ చెప్తారు," అన్నాడు.

జరిగింది అనురాధకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. శనివారం కదా అని చక్రపాణి రెడ్‌మండ్‌లో ఎప్పుడూ ఆడే ఇండోర్ కోర్టుకు షటిల్ ఆడడానికి వెళ్ళాడు. ఆట మధ్యలో నెట్ దగ్గరికి పరిగెత్తి, అక్కడే కుప్పకూలాడు. పడటంలో తల ఇనుపస్తంభానికి కొట్టుకుంది. తోటి ఆటగాడు జగదీష్ ముందు కాలు జారిందేమో అనుకున్నాడట. ఊపిరి ఆడడం లేదని గ్రహించాక ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాడు. ఆఫీసులో ఎప్పుడో ఒక మధ్యాహ్నం నేర్పించిన పని. కోర్టువాళ్ళు గుండెకు షాక్ ఇచ్చే యంత్రాన్ని గోడమీంచి తీసి తెచ్చారు. ఆంబులెన్స్ వచ్చేసరికి గుండె మళ్ళీ కొట్టుకుంటోంది. మనిషికి మాత్రం తెలివి రాలేదు.

డాక్టర్ హాలరన్ నడివయసు మనిషి. నిలబడి చెప్పకుండా కుర్చీ లాక్కుని అనురాధకు ఎదురుగా కూర్చుంది.

"గుండె నాళాల్లో అడ్డేమీ లేదు. లయ తప్పింది, అంతే. ఇప్పుడు మన బెంగంతా మెదడు గురించి. కాసేపు దానికి రక్తం అందలేదు. అది ఇంకా దెబ్బతినకుండా ఒంటి వేడిని ముప్పై మూడు డిగ్రీలకు దించి, ఒక రోజు అలాగే ఉంచుతాం. తొడ దగ్గర పెద్ద సిరలోకి ఒక గొట్టం పెట్టాం. అందులో చల్లటి నీళ్ళు వెళ్ళి తిరిగొస్తుంటాయి. రక్తంలో కలవవు. పక్కనుంచి పోయే రక్తాన్ని చల్లబరుస్తాయి."

"దానివల్ల ప్రమాదం ఉందా?"

"కొంత ఉంది. ఇన్‌ఫెక్షన్ రావచ్చు. గొట్టం చుట్టూ రక్తం గడ్డకట్టవచ్చు. మామూలుగా అయితే గడ్డకట్టకుండా మందు ఇస్తాం. కానీ ఈయన తలకు దెబ్బ తగిలి, లోపల పల్చగా రక్తం చేరింది. ఆ మందిస్తే అది పెరుగుతుంది. అందుకని ప్రస్తుతానికి ఇవ్వడం లేదు."

అనురాధ తలూపింది. డాక్టర్ చెప్పినవాటిలో సగం చెవుల మీదుగా పోయాయి గానీ, గడ్డ అన్న మాట మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

చక్రపాణి అన్నగారు రామమోహన్ న్యూజెర్సీలో కిడ్నీ డాక్టరు. ఐసెలిన్ దగ్గర ఉంటాడు. ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు.

"చెయ్యనివ్వు అనురాధా. వాళ్ళు చేస్తోంది కరెక్టే. ఇప్పుడు బ్రెయిన్ ముఖ్యం. క్లాట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. నేను ఫ్లైట్ బుక్ చేస్తున్నాను."

"అలాగే బావగారూ," అంది.

యూనివర్సిటీ నుంచి కూతురు అనిక వచ్చేసింది. సియాటిల్‌లో రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రిని అద్దం బయటినుంచి చూసి అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి, మొహం కడుక్కుని, తండ్రి మంచం పక్కన కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చుంది. అనురాధకు అది చేతకాలేదు. ఆమె ఒళ్ళు ఒకచోట నిలవలేదు. కిటికీ దాకా వెళ్ళేది, కాఫీ మిషను దాకా వెళ్ళేది, కాఫీ తీసుకోకుండానే తిరిగొచ్చేది. వచ్చి దుప్పటి అంచు ఎత్తి భర్త కాళ్ళు చూసేది. రెండు పిక్కలకూ చుట్టిన తొడుగులు గాలి నింపుకుంటూ, వదులుతూ ఉండేవి. గొట్టం ఉన్న కుడికాలినీ, లేని ఎడమకాలినీ మార్చిమార్చి చూసేది. చూపు మోసం చేస్తుందేమోనని తన చున్నీని కుడితొడ చుట్టూ తిప్పి, అందిన చోట ముడివేసి, దాన్నే ఎడమతొడకు తిప్పి చూసేది.

"అమ్మా, ప్లీజ్. నువ్వు కూర్చో," అంది అనిక. "యూ ఆర్ మేకింగ్ మీ నెర్వస్. నర్స్ చూస్తున్నాడు కదా?"

"చూస్తే ఏమవుతుందే? నేనేం లాగడం లేదు, పీకడం లేదు."

"చూడనివ్వండి," అన్నాడు మార్కస్ వాళ్ళ గొంతును బట్టే విషయం గ్రహించి. "కాలు వాచినా, రంగు మారినా నాకు చెప్పండి. నేనూ చూస్తుంటాను."

కాలు వాచలేదు. రంగు మారలేదు. ఒక రోజు గడిచాక మెల్లమెల్లగా వేడి పెంచారు. ఆపైన జ్వరం రాకుండా గొట్టాన్ని ఇంకొన్నాళ్ళు ఉంచారు. చక్రపాణి చేతికి మనిషి చేతి వెచ్చదనం తిరిగొచ్చిన రోజున అనురాధ దాన్ని చెంపకు ఆనించుకుని చాలాసేపు నిలబడింది. నిలబడి ఉండగానే చూపు మళ్ళీ దుప్పటి కిందికి పోయింది.

రామమోహన్ వచ్చేసరికి తమ్ముడు కళ్ళు తెరిచాడు. గొంతులోని గొట్టం తీశాక, బొంగురు గొంతుతో అన్న మొదటిమాట, "మంచినీళ్ళు." తెలుగులోనే అన్నాడు. ఆ తర్వాత కూడా తెలుగు తప్ప ఇంకో మాట రాలేదు. పాతికేళ్ళుగా రోజంతా ఇంగ్లీషులో పనిచేసిన మనిషికి అది ఎటు పోయిందో తెలియలేదు.

మార్కస్ అడగమన్నట్టే అనురాధ అడిగింది. "ఏవండీ, మనం ఎక్కడున్నామో చెప్పండి."

"క్వార్టర్స్‌లో," అన్నాడు చక్రపాణి, ఇది కూడా అడగాలా అన్నట్టు. "కుడిగట్టు క్వార్టర్స్."

"ఇది ఏ సంవత్సరం?"

"ఎనభై మూడు."

రామమోహన్ మొహం తిప్పుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ పెరిగింది నాగార్జునసాగర్ డ్యాం కుడివైపు, తండ్రికి ఇచ్చిన ప్రాజెక్టు క్వార్టర్స్‌లో. ఎనభై మూడు నాటికి చక్రపాణికి అనురాధ ఎవరో కూడా తెలియదు. అయినా భార్య పేరు అడిగితే చెప్పాడు. కూతురి పేరూ చెప్పాడు. వాళ్ళనందరినీ తీసుకెళ్ళి ఆ క్వార్టర్స్‌లో పెట్టుకున్నాడు, అంతే.

నెమ్మదిగా తేరుకోవచ్చన్నారు డాక్టర్లు. ఎంతవరకో చెప్పలేమన్నారు. తెలిసినవాళ్ళంతా ఫోన్లు చేసి, గండం గడిచిందన్నారు. తొడలోని గొట్టం తీసేసిన రోజున అనురాధ పక్కనే నిలబడి చూసింది. అది బయటికి వచ్చాక మార్కస్ ఆ చోట చాలాసేపు నొక్కిపట్టి కట్టు కట్టాడు. చున్నీతో ఆఖరిసారి కొలిచింది. తేడా లేదు. జగదీష్ భార్య రేణు పెరుగన్నం తెచ్చిపెడితే, ఆ వారంలో మొదటిసారి ఆకలి తెలిసి తినసాగింది.

సగం తిన్నదో లేదో, నడక నేర్పించే అమ్మాయి వచ్చి చక్రపాణిని మంచం అంచున కూర్చోబెట్టింది. కాళ్ళు కిందికి వేలాడేసి అతను కూతురి వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఊపిరి ఎగపోయడం మొదలైంది. నుదుటిమీద చెమట ధారలు కట్టింది. యంత్రం అరిచింది. ఎక్కడివాళ్ళు అక్కడినుంచి పరిగెత్తుకొచ్చి గది నిండిపోయారు. ఎవరో అనురాధను భుజం పట్టి బయటికి నడిపించారు. నడవాలోకి వచ్చాక చూసుకుంటే పెరుగన్నం డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

స్కాన్ చేసి వచ్చాక డాక్టర్ హాలరన్ మళ్ళీ కుర్చీ లాక్కుంది. ఈసారి ఆమె మొహంలో అలసట కనిపించింది.

"ఊపిరితిత్తుల్లో గడ్డలు ఉన్నాయి. తొడ సిరలో ఇంకా కొంత మిగిలి ఉంది. గొట్టాన్ని అంటిపెట్టుకుని పెరిగినట్టుంది. గొట్టం తీసినప్పుడు ఒరుసుకుని ఊడి, ఆయన లేచి కూర్చోగానే పైకి వెళ్ళింది."

"కాలు వాచలేదు," అంది అనురాధ. "నేను చూస్తూనే ఉన్నాను. రోజూ కొలిచాను."

"చాలామందికి వాపు రాదు. రక్తం పక్కనుంచి పోతూనే ఉంటుంది, పైకేమీ కనబడదు. తీసేముందు సిరను స్కాన్ చేసి ఉంటే దొరికేదేమో. అందరికీ అలా చెయ్యాలా అన్నది మాలోనే ఇంకా తేలలేదు. నేను చేయించలేదు."

అనురాధ ఆమె మొహంలోకి చూసింది. కోపం తెచ్చుకుందామని చూసింది. ఆ మనిషి పెట్టించిన గొట్టం వల్లనే భర్త కూతురిని చూసి నవ్వగలిగాడేమో. ఆ గొట్టం వల్లనే ఇప్పుడు ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. రెంటినీ విడదీసి ఒకదానిమీద కోప్పడడం ఎలాగో ఆమెకు తెలియలేదు. అన్నాళ్ళూ తను కాపలా కాసింది తలుపు లేని గోడకని మాత్రం అర్థమైంది.

"ఇప్పుడేం చేస్తారు?"

"కిందినుంచి వచ్చే గడ్డలను ఆపడానికి పొట్టలోని పెద్ద సిరలో చిన్న జల్లెడలాంటిది పెడతాం. మెడ దగ్గర్నుంచి దించుతాం. అది చెయ్యాల్సిందే. రెండోది హెపారిన్, గడ్డలు పెరగకుండా ఆపే మందు. తలలో రక్తం ఉంది కాబట్టి దానితో ప్రమాదం ఉంది. ఇవ్వకపోతే ఊపిరితిత్తుల్లో ఉన్నది పెరగవచ్చు. ఇవ్వాలనే నా అభిప్రాయం. కొద్దికొద్దిగా."

రామమోహన్ అడ్డొచ్చాడు. "ఫిల్టర్ పెట్టండి, సరే. హెపారిన్ కొన్నాళ్ళు ఆగలేమా? తలలో బ్లీడ్ పెరిగితే మళ్ళీ వెనక్కి రాడు."

"ఇంకొక చిన్న గడ్డ తోడైనా ఆయన గుండె తట్టుకోలేదు," అంది డాక్టర్.

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. అనురాధ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉంది. చివరికి రామమోహన్ నడవాలోకి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న డాక్టరు, అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు.

"బావగారూ, మీరే చెప్పండి. మీరెలా అంటే అలా."

"అదేనమ్మా నావల్ల కానిది. వాడు నా పేషెంటయితే ఈపాటికి ఇచ్చేయమనేవాణ్ణి. తమ్ముడు కాబట్టి ఆగమంటున్నాను. నా మాట నమ్మకు. నువ్వే చెప్పు."

పెళ్ళయిన నాటినుంచి ఇంట్లో ఎవరికి జలుబు చేసినా ఈయన్ని అడిగే మందు వేసేది. అనురాధ కూతురి వైపు చూసింది. అనిక కళ్ళు తుడుచుకుంటూ, "నాన్నకి బ్రీథింగ్ కావాలి కదా అమ్మా, ఫస్ట్," అంది.

"ఇవ్వండి," అంది అనురాధ డాక్టరుతో.

జల్లెడ పెట్టారు. మందు చుక్కలు చుక్కలుగా ఎక్కసాగింది. తలలో రక్తం పెరుగుతోందా లేదా అన్నది మాటిమాటికీ స్కాన్ చేసి చూడలేరు. మనిషిని లేపి, మాట్లాడించి చూడాలి. కళ్ళలోకి లైటు వేసి, చేతులు ఎత్తించి, పేరు, ఊరు, సంవత్సరం అడగాలి. జవాబు మారితే ప్రమాదమన్నమాట. చిక్కేమిటంటే చక్రపాణి జవాబులు అప్పటికే తప్పు. తప్పులో తప్పును ఎలా పట్టుకోవడం?

ఫోన్లో తెలుగు తర్జుమా చేసే మనిషిని కలిపారు. ఆ స్పీకర్‌లోంచి గొంతు వినగానే చక్రపాణి పెదవులు బిగించేశాడు. దాంతో అడిగే పని అనురాధ మీద పడింది.

"మాకు మీరే కావాలి," అన్నాడు మార్కస్. "ఆయన చెప్పింది రైటా రాంగా అని కాదు. ఇందాకటికీ ఇప్పటికీ తేడా ఉందా, అది చెప్పండి."

అలా మొదలైంది. ఏవండీ, మనం ఎక్కడున్నాం? కుడిగట్టు క్వార్టర్స్. బయట ఏం కనిపిస్తోంది? డ్యాం గేట్లు. కిటికీలోంచి కనిపించేది పార్కింగ్ లాటూ, దాని వెనక ఫర్ చెట్లూ, ముసురూ. ఈ శబ్దం ఏమిటండీ? గేట్లెత్తారు, నీళ్ళు వదిలారు. అది ఆక్సిజన్ హోరు. అనికను చూపించి ఎవరని అడిగితే, "మా అమ్మాయి. బడికి లాంచీలో వెళ్తుంది," అన్నాడు. అనిక నవ్వబోయి ఏడ్చింది.

ఆ తప్పులకు ఒక దారి ఉందని అనురాధ కనిపెట్టింది. ఏది అడిగినా కుడిగట్టు దాటి పోవు. సంవత్సరం అటూఇటూ అవుతుంది గానీ ఎనభైలు దాటదు. ఎప్పుడూ తడుముకోడు. అడగ్గానే, అక్కడే పుట్టి అక్కడే ఉన్నవాడిలా ధీమాగా చెప్తాడు. ఆ ధీమా వినిపించినంతసేపూ ఆమె మార్కస్‌తో, "తేడా లేదు," అనేది. అని ఒక నిట్టూర్పు విడిచి, మళ్ళీ అడిగే వేళ కోసం ఆ గదిలో తిరుగుతూనే ఉండేది. కూర్చుంటే నిద్రపడుతుందనీ, నిద్రపడితే తేడా తనకు అందకుండా పోతుందనీ భయం.

మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చి గదిలోకి కాస్త ఎండ వచ్చింది. అనురాధ మంచం మీదికి వంగింది.

"ఏవండీ, మనం ఎక్కడున్నాం?"

చక్రపాణి ఆమె వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. చేతికున్న సూదిని చూశాడు. పెదవులు కదిలి ఆగాయి.

"తెలీదు," అన్నాడు.

అనురాధ ఇంకా దగ్గరికి వంగింది. "మళ్ళీ చెప్పండి. క్వార్టర్సేనా?"

"తెలీదు అనూ. ఎక్కడ ఇది?"

"ఏ సంవత్సరం?"

"తెలీడం లేదు." అతని నుదురు ముడిపడింది. కళ్ళలో భయం కనిపించింది. కళ్ళు తెరిచినప్పటి నుంచీ ఆమె ఆ కళ్ళలో భయం చూడలేదు.

"తేడా ఉంది," అంది అనురాధ మార్కస్ వైపు తిరిగి. "ఎప్పుడూ ఏదో ఒకటి చెప్తారు. తెలీదు అని ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అనలేదు. ఇది కొత్త."

మార్కస్ ఇంకేమీ అడగలేదు. మందు ఆపేసి డాక్టరును పిలిచాడు. మంచాన్ని చక్రాల మీద తోసుకుంటూ స్కాన్‌కు తీసుకెళ్ళారు. ఖాళీ అయిన గదిలో అనురాధ ఒక్కతే మిగిలింది. ఇవ్వండి అన్నది తనే. ఆ మాట నోట్లోంచి రాకపోయి ఉంటే అతను ఇంకా కుడిగట్టున సుఖంగా ఉండేవాడు. గోడ పట్టుకుని నడిచింది, తిరిగి నడిచింది. రామమోహన్ లోపలికి వచ్చి ఆమెతోపాటు నడవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఆ చిన్నగదిలో ఒకరికొకరు తగలకుండా అటూ ఇటూ తిరిగారు.

డాక్టర్ హాలరన్ తలుపు దగ్గరే ఆగి చెప్పింది. "తలలో రక్తం పెరగలేదు. పైగా కాస్త తగ్గింది."

"మరి ఆ తేడా?" అంది అనురాధ.

డాక్టర్ మంచం దగ్గరికి నడిచి, అప్పుడే వెనక్కి తీసుకొచ్చిన చక్రపాణి మొహంలోకి వంగి చూసింది. "ఇన్నాళ్ళూ తనకు తెలియదన్న సంగతే ఆయనకు తెలియదు. మెదడు ఖాళీలను పాత జ్ఞాపకాలతో పూడ్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు అక్కడ ఖాళీ ఉందని ఆయనే గ్రహించారు. నేనైతే దీన్ని మంచి కబురనే అంటాను."

"అయితే నేను అనవసరంగా మందు ఆపించాను."

"తేడా కనబడితే చెప్పమన్నాం. చెప్పారు. ఇంకోసారి కనబడినా ఇలాగే చెప్పండి." ఆమె మార్కస్‌కు తల ఊపింది. మందు మళ్ళీ ఎక్కసాగింది.

అనురాధ భర్త పక్కన కూర్చుంది. "ఇది ఆస్పత్రి అండీ. మీకు ఒంట్లో బాగాలేదు. సియాటిల్ దగ్గరున్నాం. రెండు వేల పన్నెండు."

"పన్నెండా?" అన్నాడు చక్రపాణి. కాసేపు ఆలోచించాడు. "అంటే మా నాన్న లేడు."

"లేరండీ."

అతను కళ్ళు మూసుకున్నాడు. కన్నీళ్ళు చెంపల మీదికి జారాయి. తండ్రి పోయి పదేళ్ళు దాటింది. ఆ రోజు అతనికి రెండోసారి పోయాడు. రామమోహన్ వచ్చి తమ్ముడి పాదాల దగ్గర కూర్చుని, "ఒరేయ్, నేనున్నాను కదరా," అన్నాడు.

ఆ తర్వాత కూడా కొన్నిసార్లు కుడిగట్టుకు వెళ్ళొచ్చాడు గానీ, తెలీదనడం ఎక్కువైంది. తెలీదన్నచోట ఆమె చెప్పినవి కొన్ని నిలిచేవి, కొన్ని జారిపోయేవి. ఇంగ్లీషు ఒకరోజు మార్కస్‌కు థాంక్స్ చెప్తూ దానంతటదే వచ్చేసింది. గుండె మళ్ళీ లయ తప్పితే సరిచెయ్యడానికి ఛాతీలో చిన్న యంత్రం అమర్చి, నడక నేర్పించి, వేసవి మొదట్లో ఇంటికి పంపారు.

పూర్వపు మనిషి పూర్తిగా తిరిగి రాలేదు. ఉదయం విన్నది సాయంత్రానికి ఉండదు. టీమ్‌ను నడిపే ఉద్యోగం మానుకున్నాడు. వంట మాత్రం పట్టుదలగా నేర్చుకున్నాడు. పోపు వేసి దాన్ని మరిచిపోకుండా పొయ్యి దగ్గరే నిలబడేవాడు. అనురాధ ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టింది. మీటింగులో కూర్చుని కూడా బల్లకింద కాలు ఊపుతూనే ఉండేది. ఫోన్ మోగితే మొహం పాలిపోయేది. గడ్డలు కరిగిపోయాయని స్కాన్‌లో చూపించాక కూడా ఆ కాలు ఆగలేదు.

ఆకులు రాలే రోజుల్లో, పొట్టలోని జల్లెడను తీసేయడానికి ఆస్పత్రికి రమ్మన్నారు. అనురాధ డ్రైవ్ చేస్తోంది. వంతెన మీద ట్రాఫిక్ నిలిచిపోయింది. రెండువైపులా లేక్ వాషింగ్టన్ నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి.

"ఇవ్వాళ తీసేది ఎందుకు పెట్టారు?" అడిగాడు చక్రపాణి. నిన్నా అడిగాడు.

ఆమె చెప్పింది. చల్లబరిచిన సంగతి, గొట్టం, గడ్డ, ఊపిరాడకపోవడం, మందు. అతను పక్కింటివాళ్ళ కబురు విన్నట్టు శ్రద్ధగా విన్నాడు.

"మందు ఇమ్మని ఎవరు చెప్పారు? అన్నయ్యా?"

"నేనే."

చక్రపాణి ఆమె వైపు తిరిగాడు. "నువ్వా? పారాసిటమాల్‌క్కూడా అన్నయ్యకు ఫోన్ చేస్తావు కదా."

"అడిగాను. ఆయన నన్నే చెప్పమన్నారు."

"భయం వెయ్యలేదూ?"

"వేసింది. ఇప్పటికీ పోలేదు."

ముందున్న కారు కదిలింది. అనురాధ బ్రేక్ మీద నుంచి కాలు తీసింది. చక్రపాణి ఇంకా ఆమెనే చూస్తున్నాడు.

"రేపు నేను మళ్ళీ అడుగుతాను కదా," అన్నాడు.

"అడగండి. చెప్తాను," అంది ఆమె.